కొంగ కాలికి తుమ్మముల్లు: పసిపిల్లల మాటలు, బొమ్మల పుస్తకాలు

రాజోలు దగ్గర ఒక లంక గ్రామం నుంచి వచ్చిన ఉత్తరానికి ఈ వారం సమాధానం రాస్తున్నాను. ఉత్తరం రాసిన తల్లి పదో తరగతి వరకు చదువుకున్నారు, భర్త కువైట్‌లో పని చేస్తున్నారు, ఇంట్లో అత్తగారు, రెండేళ్ల ఎనిమిది నెలల పాప ఉన్నారు. పాప చిన్న చిన్న వాక్యాలు మాట్లాడుతోంది గాని, ప్లే స్కూలుకు వెళ్లే పక్కింటి పిల్లవాడు రంగుల పేర్లు, ఇంగ్లిష్ రైములు గడగడా చెబుతుంటే ఈమెకు బెంగ పట్టుకుంది. రోజూ పుస్తకం చదివి వినిపిస్తే మాటలు బాగా వస్తాయని ఎవరో చెప్పగా రెండు పుస్తకాలు కొని చదవడం మొదలుపెట్టారు. పాప రెండు నిమిషాలు కూడా కుదురుగా కూర్చోదు, పేజీలు ముందుకూ వెనక్కూ తిప్పేస్తుంది, పైగా ఎప్పుడూ ఒకే పుస్తకం తెమ్మంటుంది. "చదవడం వల్ల నిజంగా మాటలు పెరుగుతాయని పరిశోధనల్లో తేలిందా? తెలుగు పుస్తకాలు చదివితే రేపు ఇంగ్లిష్ మీడియంలో వెనకబడుతుందా? ఫోన్‌లో రైములు పెడితే సరిపోదా? అత్తగారికి చదువు రాదు, నాకు తీరిక తక్కువ, ఏం చేయాలి?" అని అడిగారు.

అమ్మా,

మీరు అడిగిన వాటిలో మొదటిదానికి జవాబు తేలితే మిగిలినవి చాలావరకు వాటంతటవే తేలుతాయి గనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఈ విషయం వచ్చినప్పుడు అందరూ ముందుగా ప్రస్తావించేది 1988లో అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్, ఆయన సహచరులు ప్రచురించిన అధ్యయనాన్ని. న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలండ్‌లో 21 నుంచి 35 నెలల వయసున్న సుమారు 30 మంది పిల్లల తల్లిదండ్రులను వారు రెండు జట్లు చేశారు. రెండు జట్లవారూ నెల రోజులపాటు తమ ఇళ్లలో, దాదాపు ఒకే లెక్కన, బొమ్మల పుస్తకాలు చదివారు. ఒక జట్టు తమకు అలవాటైన పద్ధతిలోనే చదివింది. రెండో జట్టుకు మాత్రం ముందుగా కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, చదువుతూ చదువుతూ ఆగి పిల్లలను అడగాలని, "అవును", "కాదు" అంటే సరిపోయే ప్రశ్నలు కాకుండా "ఇక్కడ ఏం జరుగుతోంది" వంటి ప్రశ్నలు వేయాలని, బిడ్డ ఒక్క మాట అంటే దానికి మరో రెండు మాటలు చేర్చి తిరిగి చెప్పాలని నేర్పారు. నెల తిరిగేసరికి ఈ రెండో జట్టు పిల్లలు మాటలతో తమ భావం చెప్పే పరీక్షలో మొదటి జట్టుకంటే సుమారు ఎనిమిదిన్నర నెలలు, పదజాలపు పరీక్షలో సుమారు ఆరు నెలలు ముందున్నారు. తొమ్మిది నెలల తరువాత మళ్లీ చూస్తే ఆ తేడా కొంత తగ్గినా మిగిలే ఉంది.

ఇందులో నా దృష్టిని పట్టి నిలిపేది ఆ నెలల లెక్క కంటే, రెండు జట్లూ సమానంగానే చదివారన్న సంగతి. అంటే మాటలు పెంచినది పుస్తకంలోని అక్షరాలను పైకి చదవడం ఒక్కటే కాదన్నమాట. పుస్తకాన్ని మధ్యలో పెట్టుకుని పెద్దవారూ పిల్లలూ మాట్లాడుకున్న మాటలకు అందులో పెద్ద వాటా ఉంది. తరువాత 1992లో ఇదే పద్ధతిని మెక్సికోలోని ఒక శిశు సంరక్షణ కేంద్రంలో, పేద కుటుంబాల రెండేళ్ల పిల్లలతో, స్పానిష్‌లో ప్రయత్నించినప్పుడు కూడా మేలు కనిపించింది కనుక, ఇది చదువుకున్నవారి ఇళ్లకూ ఇంగ్లిష్‌కూ మాత్రమే పరిమితమైన వింత కాదు.

పరిశోధకులు ఈ పద్ధతిని సంభాషణతో కూడిన పఠనం అంటారు. పేరు బరువుగా ఉంది గాని పని మనకు కొత్తది కాదు. కొన్నేళ్ల క్రితం ముమ్మిడివరం వైపు ఒక ఇంటికి వెళ్లినప్పుడు అరుగు మీద ఒక పెద్దావిడ కొబ్బరి ఆకుల నుంచి ఈనెలు తీస్తూ కూర్చున్నారు. పక్కన మూడేళ్లు నిండని మనవరాలు బొమ్మల పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఉంది. పేజీలో ఒంటికాలి మీద నిలబడిన కొంగ. పెద్దావిడ కత్తి ఆపకుండానే, "అదెందుకే అలా నిలబడింది?" అన్నారు. "కాలు నొప్పి," అంది పిల్ల. "నొప్పా! ఏం గుచ్చుకుందో మరి?" "ముల్లు." "తుమ్మముల్లు గుచ్చుకుందంటావా?" పిల్ల కాసేపు ఆలోచించి, "మామ్మా, కొంగకి తుమ్మముల్లు గుచ్చుకుంది," అని తీర్పు చెప్పింది. అప్పుడు పెద్దావిడ నవ్వి, "కాదే, చేప కోసం కదలకుండా కాచుకుని ఉంది," అన్నారు. "కాచుకుని" అన్న మాటను ఆ పిల్ల రెండుసార్లు నోట్లో తిప్పుకుని చూసింది. నేను అక్కడున్న గంటలోనే, గిన్నె దగ్గర కూర్చున్న పిల్లిని చూపించి "కాచుకుంది" అని వాడేసింది.

ఆ పెద్దావిడకు అక్షరం ముక్క రాదు. అయినా పరిశోధకులు శిక్షణ ఇచ్చి మరీ నేర్పే నాలుగు పనులూ, అంటే అడగడం, వచ్చిన జవాబును ఒప్పుకోవడమో సరిదిద్దడమో చేయడం, దానికి ఒక మాట చేర్చి పెంచడం, పెంచినదాన్ని బిడ్డ నోట మళ్లీ పలికించడం, నిమిషంన్నరలో పూర్తి చేశారు. పిల్ల "ముల్లు" అన్నది, ఆవిడ "తుమ్మముల్లు గుచ్చుకుంది" అన్నారు. ఆ చేర్చిన మాటే పాఠం. కాబట్టి మీ అత్తగారికి చదువు రాదన్నది ఈ పనికి అడ్డంకి కాదు. పైగా మాటలు లేని బొమ్మల పుస్తకం చేతిలో పెడితే, అక్షరాల వెంట పరుగెత్తే మనకంటే ఆమే ఎక్కువ మాట్లాడిస్తారేమో కూడా. మీరు రాత్రి చదవండి, ఆవిడ పగలు బొమ్మలు చూసి కథ చెబుతారు. రెండూ లెక్కలోకి వస్తాయి.

అయితే పుస్తకమే ఎందుకు, ఊరికే మాట్లాడితే చాలదా అని మీకు తోచవచ్చు. 2015లో మాంటాగ్ అనే పరిశోధకురాలు, మరి ఇద్దరు కలిసి, 100 ఇంగ్లిష్ బొమ్మల పుస్తకాలలోని మాటలను, పెద్దలు పిల్లలతో ఆడే మాటలతో పోల్చి చూస్తే, అంతే పొడవున్న మాటల్లో పుస్తకాలలోనే భిన్నమైన పదాలు బాగా ఎక్కువగా ఉన్నాయని తేలింది. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. మన ఇంట్లో పిల్లలతో మనం అనే మాటలు "తిను, రా, పడుకో, అటు వెళ్లకు, కాలవ గట్టు ఎక్కకు" అన్నంత వరకే తిరుగుతుంటాయి. ఏనుగు అలిగిందని గాని, నక్క జంకిందని గాని, కుందేలు నిరాశపడిందని గాని అనవలసిన అవసరం అన్నం పెట్టేటప్పుడు రాదు. పుస్తకం ఆ అవసరాన్ని ఇంటికి తెస్తుంది. రోజూ వాడే మాటకూ, పెద్ద చదువుల మాటకూ నడుమ ఉండే ఈ అలగడం, జంకడం, సముదాయించడం, కాచుకోవడం వంటివే తరువాత బడిలో పాఠం అర్థం కావడానికి ఎక్కువగా పనికివస్తాయి. వాటిని దాటవేయకండి. తేలిక మాటలోకి మార్చి చదివేయకుండా ఆ మాటనే ఉంచి, పాప ఎరిగిన సంగతికి ముడి పెట్టండి. "నక్క జంకింది. మొన్న రేవులో పంటు ఎక్కడానికి నువ్వు నా చీర పట్టుకుని వెనక్కి వెనక్కి జరిగావు చూడు, అలాగ" అంటే చాలు.

ఇలా అర్థం చెప్పడం వల్ల ఎంత తేడా వస్తుందో న్యూజిలాండ్‌లో వార్విక్ ఎల్లీ 1989లో చూపించారు. ఆయన చూసిన పిల్లలు మీ పాపకంటే పెద్దవారు, ఏడెనిమిది ఏళ్లవారు. ఉపాధ్యాయులు కథను ఊరికే చదివి వినిపించినప్పుడు కొత్త మాటల పరీక్షలో పిల్లల ఫలితం సుమారు 15 శాతం పెరిగింది. చదువుతూ మధ్యలో ఆ మాటకు అర్థం చెప్పినప్పుడు సుమారు 40 శాతం పెరిగింది. ఒక మాటకు ఒక్క వాక్యం చాలు, కథ తెగిపోయేంత వివరణ అక్కరలేదు. ఒకసారి చదవడానికి కూర్చున్నప్పుడు రెండు మూడు మాటలకు మించి పెట్టుకోవద్దు.

నేను బడిలో పని చేసిన తొలి రోజుల్లో ఈ మేర తెలియక, కథలో వచ్చిన ప్రతి మాటకూ "అంటే ఏమిటి? అంటే ఏమిటి?" అని పిల్లలను నిలబెట్టి అడిగేదాన్ని. కథ వినడానికి ఉత్సాహంగా వచ్చిన పిల్లలు నెల తిరక్కుండానే కథ గంట అంటే తల వంచుకునేవారు. ప్రశ్న పరీక్షగా మారిన క్షణంలో సంభాషణ చచ్చిపోతుంది. "ఇదేమిటి? ఇదేమిటి?" అని వరసగా వేలు పెట్టి అడగడం కూడా ఆ తప్పే. దానివల్ల పేర్లు వస్తాయి గాని పనులు చెప్పే మాటలు రావు. మన తెలుగులో సంపద చాలావరకు క్రియల్లో ఉంది. ఒక కొబ్బరికాయ చుట్టూనే దింపడం, ఒలవడం, పగలగొట్టడం, కోరడం, పిండడం ఉన్నాయి. "ఇదేమిటి" అంటే "కొబ్బరికాయ" అన్న ఒక్క జవాబే వస్తుంది. "మామ్మ ఏం చేస్తోంది? తరువాత ఏం చేస్తుంది?" అంటే ఇవన్నీ వస్తాయి.

ఒకే పుస్తకం తెమ్మని పేచీ పెట్టడం గురించి మీరు విసుగుతో రాశారు. ఆ విషయంలో పాప పక్షమే సరైనది. ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో జెస్సికా హోర్స్ట్, ఆమె సహచరులు 2011లో మూడేళ్ల పిల్లలకు వారం రోజుల్లో కథలు వినిపించారు. కొందరికి అవే కథలు మళ్లీ మళ్లీ, మరికొందరికి ప్రతిసారి వేరే కథలు. కొత్త మాటలు రెండు జట్లకూ సమానంగానే వినపడేలా కథలు రాశారు. చివరకు ఆ మాటలు బాగా పట్టుకున్నది ఒకే కథ మళ్లీ మళ్లీ విన్న పిల్లలు. మొదటిసారి బిడ్డ దృష్టి అంతా ఏం జరుగుతుందోనన్న దాని మీద ఉంటుంది, కథ తెలిసిపోయాక మాటల మీదికి మళ్లుతుందని నా అనుభవం కూడా చెబుతోంది. ఆ పుస్తకం మీకు కంఠతా వచ్చిన రోజున వాక్యం చివరి మాట దగ్గర ఆగండి. "కోతి చెట్టు మీద నుంచి..." అని ఆగితే "దూకేసింది!" అని పాప పూరిస్తుంది. ఆ ఊరట కోసమే తను అదే పుస్తకం తెస్తోంది.

అదే బృందం తరువాత చేసిన పనుల్లో మరో రెండు సంగతులు మీకు ఉపయోగపడతాయి. కథ విన్న వెంటనే ఒక కునుకు తీసిన మూడేళ్ల పిల్లలు, మెలకువగా ఉండిపోయిన పిల్లలకంటే కొత్త మాటలు బాగా గుర్తుపెట్టుకున్నారు (2014). కనుక మధ్యాహ్నం పడుకోబెట్టే ముందు పది నిమిషాలు, లేదా రాత్రి నిద్రకు ముందు, మంచి వేళలు. రెండోది, ఎదురెదురు పేజీలు రెండింటిలోనూ బొమ్మలుంటే చిన్నపిల్లలకు ఏ మాట ఏ బొమ్మదో తెలియక తికమక పడతారని, చదవబోయే పేజీని చేత్తో చూపిస్తే ఆ ఇబ్బంది పోతుందని 2018లో చూపించారు. పాప పేజీలు ఇటూ అటూ తిప్పినప్పుడు తను ఆగిన పేజీ మీదే మీరు వేలు ఉంచి, ఆ బొమ్మ గురించే మాట్లాడండి. పుస్తకం మొదటి నుంచి చివరి దాకా పూర్తి చేయాలన్న నియమం ఏదీ లేదు. రెండు నిమిషాలు కూర్చుంటే రెండు నిమిషాలే. అలా రోజుకు మూడుసార్లు జరిగితే అదే ఆరు నిమిషాలు.

ఇక ఆశ ఎంత పెట్టుకోవాలో కూడా చెప్పాలి. 1995లో నెదర్లండ్స్‌కు చెందిన ఆడ్రియానా బుస్, ఆమె సహచరులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి లెక్కవేస్తే, పిల్లల భాషలోనూ చదువులోనూ కనిపించే తేడాల్లో సుమారు 8 శాతం మాత్రమే ఇంట్లో కలిసి చదివే అలవాటుకు ముడిపడి ఉందని వచ్చింది. 2019లో క్లెయిర్ నోబుల్ బృందం చేసిన మరో సమగ్ర లెక్కలో, ఇటువంటి శిక్షణలు ఇచ్చిన మేలు చిన్నదేనని, పోల్చి చూడడానికి పెట్టుకున్న రెండో జట్టు పిల్లలతో కూడా పెద్దలు వేరే ఏదైనా పని కలిసి చేయించిన చోట ఆ తేడా దాదాపు కనిపించకుండా పోయిందని తేలింది. కొందరు దీన్ని చూసి పుస్తకాలు దండగ అన్నారు. నేను అలా అనుకోను. ఆ ప్రయోగాలు చాలావరకు కొద్ది వారాలపాటు జరిగినవి. పైగా పక్కన కూర్చుని బిడ్డ చెప్పేది విని జవాబు చెప్పే మనిషి ఉంటే ఆ పని పుస్తకంతో అయినా, ఆటతో అయినా మేలు చేస్తుందని ఈ ఫలితానికి నేను చెప్పుకునే అర్థం. కాబట్టి పక్కింటి పిల్లవాడిని నాలుగు వారాల్లో దాటించేయాలన్న లెక్కతో మాత్రం మొదలుపెట్టవద్దు. రంగుల పేర్లు పది వరసగా అప్పజెప్పడం కంటే, కొంగ కాలికి ముల్లు గుచ్చుకుందని తనంతట తాను ఒక కారణం ఊహించి చెప్పడమే ఈ వయసులో పెద్ద భాష.

ఫోన్‌లో రైముల సంగతి ఇదే లెక్కన తేలిపోతుంది. 2010లో జూడీ డిలోచ్, ఆమె సహచరులు ఏడాది నుంచి ఏడాదిన్నర వయసు పిల్లలకు మాటలు నేర్పుతామని అమ్ముడుపోతున్న ఒక వీడియోను నెల రోజులపాటు చూపించారు. వీడియో అసలు చూడని పిల్లలకంటే ఈ పిల్లలకు ఎక్కువ మాటలేమీ రాలేదు. వీడియో లేకుండా అవే మాటలను తల్లిదండ్రులే రోజువారీ పనుల్లో చెప్పిన పిల్లలకు మాత్రం అందరికంటే బాగా వచ్చాయి. ఆ వయసు మీ పాపది కాదు, మీరు వంట చేసుకునే పది నిమిషాలు రైము పెడితే కొంప మునగదు. దాన్ని చదువు ఖాతాలో వేయవద్దు, అంతే.

తెలుగు, ఇంగ్లిష్ విషయంలో నా అభిప్రాయం దృఢమైనది. బిడ్డకు ముందుగా రావలసినది భావం. "జంకడం" అంటే ఏమిటో తెలిసిన పిల్లకు తరువాత దానికి ఇంగ్లిష్ మాట నేర్పడమంటే ఒక పెట్టెకు రెండో చీటీ అతికించడమే. భావమే తెలియని పిల్లకు ఇంగ్లిష్ మాట ఖాళీ పెట్టె మీది చీటీ అవుతుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి వరకు ఇంటిభాషలోనే బోధన ఉండాలని చెప్పింది. ముఖ్యంగా, పైన చెప్పిన పద్ధతి అంతా అప్పటికప్పుడు అల్లుకునే సంభాషణ మీద ఆధారపడినది. మీకు ధారాళంగా వచ్చిన భాషలోనే మీరు పాప మాటకు మరో మాట చేర్చగలరు. ఇంగ్లిష్ పుస్తకం దొరికితే దాన్నీ కొనుక్కోండి, బొమ్మలు చూపించి తెలుగులో చెప్పండి.

పుస్తకాల కోసం ఎక్కువ ఖర్చు చేయవద్దు. నేషనల్ బుక్ ట్రస్ట్ తెలుగు పిల్లల పుస్తకాలు, సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం వారివి తక్కువ ధరకు వస్తాయి. ప్రథమ్ బుక్స్ వారు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. పాప పుస్తకం చింపితే తిట్టకుండా, గంజితో అతికిస్తూ "చిరిగింది, అతికిద్దాం, ఆరనిద్దాం" అనండి. అవి మూడు మాటలు.

ఒక్క సంగతి దీనికి పూర్తిగా వేరు. మీ పాప వాక్యాలు మాట్లాడుతోంది గనుక మీకు దిగులు అక్కరలేదు గాని, రెండేళ్లు నిండినా 50 మాటలైనా రాని, రెండు మాటలు కలిపి అనలేని పిల్లలు మీకు తెలిసినవారి ఇళ్లలో ఉంటే, పుస్తకాల కంటే ముందు వినికిడి పరీక్ష చేయించమని చెప్పండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఈ పరీక్షలు ఉచితం. అంగన్‌వాడీ కార్యకర్తను అడిగితే దారి చెబుతారు.

చివరగా, మీరు అడగని ప్రశ్న ఒకటి. పాప నాన్నగారు ఇందులో పాలుపంచుకోవచ్చు. 2014లో అమెరికాలో రెండు నుంచి రెండున్నర ఏళ్ల పిల్లల మీద చేసిన అధ్యయనంలో, ముందే తీసిపెట్టిన వీడియో నుంచి పిల్లలు కొత్త క్రియలు నేర్చుకోలేకపోయారు గాని, వీడియో కాల్‌లో తమను చూసి తమ మాటకు బదులు చెప్పే మనిషి నుంచి, ఎదురుగా కూర్చున్న మనిషి నుంచి నేర్చుకున్నంత బాగానే నేర్చుకున్నారు. కాబట్టి పాపకు ఇష్టమైన ఆ ఒక్క పుస్తకం పేజీలన్నీ ఫోటోలు తీసి ఆయనకు ముందుగా పంపండి. మనకు రాత్రి ఎనిమిది అయితే అక్కడ సాయంత్రం ఐదున్నర అవుతుంది. శుక్రవారం అక్కడ సెలవు గనుక ఆ రోజుతో మొదలుపెట్టండి. పుస్తకం పాప ఒళ్లో ఉండాలి, ఫోన్ మీ చేతిలో ఉండాలి. "తిన్నావా, పడుకున్నావా" అన్న రెండు ప్రశ్నలతో ముగిసిపోయే కాల్‌లో, ఈసారి నాన్నను "కోతి ఎందుకు దూకిందమ్మా?" అని అడగమనండి. పాప చెప్పే కారణం తప్పయినా సరే, వెంటనే దిద్దవద్దని కూడా చెప్పండి.